డిస్కుల ఇంటిపేరు

"సంతకం పెట్టండి, ఎజే. మీకూ విశ్రాంతి, మాకూ విశ్రాంతి."

మేజర్ తాలాయ్ కాగితాన్ని బల్ల మీదుగా ముందుకు తోశాడు. 'ఎజే' అని అక్క వరస పెట్టి పిలుస్తూనే, బూట్లు విప్పకుండా ఆవిడ తివాచీ మీద నిలబడి ఉన్నాడు.

ఉమ్సునాయ్ కాగితం వైపు చూడలేదు. అతని బూట్ల వైపు చూసింది.

"చెయ్యని పనికి సంతకం పెట్టను. ముందు నువ్వు నా తివాచీ దిగు."

తలుపు దగ్గర నిలబడ్డ కెప్టెన్ సైకాల్ పళ్ళు బిగించింది. ఈ కేసు మొదట ఆమెదే. రాజధాని బిష్కెక్ నుంచి ఈ మేజర్‌ని తెచ్చి ఆమె నెత్తిన కూర్చోబెట్టారు. సాంకేతిక నిపుణుడట. వచ్చిన రోజు నుంచి ఆమెను పక్కకు నెట్టి, అరవై దాటిన ఒక మనిషిని జైలు దాకా నడిపించడమే పనిగా పెట్టుకున్నాడు.

ఉమ్సునాయ్ మామూలు మనిషి కాదు. జీవితమంతా హిమానీనదాల మీద పనిచేసిన శాస్త్రవేత్త. ఉద్యోగం అయిపోయాక కూడా, కోక్-బెల్ పట్టణానికి ఎగువనున్న అలా-ముజ్ మంచు సరస్సు గట్టున ఒక కెమెరా పెట్టించి, ఆ బొమ్మలు తన ఇంటి కంప్యూటరుకు వచ్చేలా చేసుకుంది. శనివారం సాయంత్రం ఆ సరస్సు గట్టు తెగింది. కింద పచ్చిక మైదానంలో డేరాలు వేసుకున్న కాపరుల కుటుంబాల్లో ఏడుగురు కొట్టుకుపోయారు. అందులో ముగ్గురు పిల్లలు.

"గురువారం నుంచే మంచు అడుగున నీరు కారుతోంది. బొమ్మల్లో కనిపించింది. విపత్తుల ఆఫీసుకూ, పోలీసులకూ ఫోన్ చేసి చెప్పాను," అని మొదటి రోజే చెప్పింది ఉమ్సునాయ్.

"మాకు ఏ ఫోనూ రాలేదు," అన్నారు ఆ రెండు చోట్లవాళ్ళూ.

సరే, బొమ్మలే సాక్ష్యం చెబుతాయనుకున్నారు. ఆమె కంప్యూటరు డిస్కుల్లో గురువారం నుంచి శనివారం దాకా ఒక్క బొమ్మ కూడా లేదు! అంటే కెమెరా ఆపేసి నిద్రపోయిందనీ, ప్రాణాలు పోయాక అబద్ధమాడుతోందనీ తాలాయ్ తేల్చేశాడు. ఊరు నమ్మేసింది. ఆమె కిటికీ అద్దాలు రెండుసార్లు పగలగొట్టారు. ఇప్పుడక్కడ అట్టముక్కలు అంటించి ఉన్నాయి. అద్దం వేయడానికి మనిషి రానన్నాడు.

"సంతకం తర్వాత సంగతి," అంది సైకాల్. "డిస్కులు ఆవిడ మెషీన్లోనే పెట్టి, ఆవిడ కళ్ళ ముందే చూపించాలని మీరే రాశారు మేజర్. చూపించండి."

తాలాయ్ నిట్టూర్చాడు. "చూపిస్తాను. చూసి ఏడవడానికి కూడా సిద్ధంగా ఉండండి."

ముద్ర వేసిన పెట్టె తెరిచి, రెండు పెద్ద డిస్కులను ఉమ్సునాయ్ కంప్యూటర్లో బిగించాడు. మీట నొక్కాడు. మెషీన్ తన సొంత చిన్న డిస్కుతో లేచి, పక్కనున్న పెద్ద డిస్కులను పోల్చుకుని, తెర మీద వాటి పేరు వేసింది.

నూట ఇరవై ఏడు.

ఉమ్సునాయ్ కుర్చీలోంచి లేచింది. "ఇదేంటి? నా కార్లిగాచ్ ఏది?"

"ఏ కార్లిగాచ్?"

"నా డిస్కుల పేరు. వానకోయిల అని అర్థం. నేను పెట్టుకున్న పేరు. ఆరేళ్ళుగా లేవగానే ఇక్కడ ఆ పేరే వస్తుంది."

"వానకోయిల ఎగిరిపోయింది," అని తాలాయ్ నవ్వాడు. "ఎజే, పేరుతో ఏం పని? లోపల బొమ్మల్లేవు. అది చూడండి."

సైకాల్ మాత్రం నవ్వలేదు. ఆదివారం పొద్దున ఈ గదిలోనే, తన చేతులతోనే డిస్కులు ఊడదీసింది. అప్పుడు తెర మీద ఏముందో ఆమెకు గుర్తుంది. నెంబరు కాదు, మాట.

"ఎజే, కూర్చోండి. నాకు అర్థమయ్యేలా చెప్పండి. పేరు ఎందుకు మారుతుంది?"

"దొంగలు మారిస్తే మారుతుంది."

"అలా కాదు. నేను పోలీసుని. మీరు శాస్త్రవేత్త. ఒక్కో మెట్టూ ఎక్కించండి."

ఉమ్సునాయ్ కూర్చుంది. రెండు వేళ్ళు చూపించింది.

"రెండు డిస్కులు. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది. ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుంది. కంప్యూటరు ఆ రెంటినీ కలిపి ఒక్కటిగానే చూస్తుంది. రెయిడ్ అంటారు. ఆ జతకి మనం పేరు పెట్టుకోవచ్చు. ఆ పేరు ప్రతి డిస్కు లోపలా రాసి ఉంటుంది. పేరొక్కటే కాదు, ముందు ఇంటిపేరు, తర్వాత సొంత పేరు."

"డిస్కుకి ఇంటిపేరేంటి?"

"అది ఏ కంప్యూటర్లో పుట్టిందో ఆ కంప్యూటరు పేరు. నా మెషీన్ పేరు బోజ్-ఉయ్, అంటే డేరా. కాబట్టి నా జత పూర్తి పేరు బోజ్-ఉయ్ కార్లిగాచ్. ఆ ఇంటిపేరు నేను పెట్టింది కాదు, జత పుట్టినప్పుడు మెషీనే రాసుకుంది. డిస్కులు పెట్టినప్పుడల్లా ఇంటిపేరు చూస్తుంది. తనదైతే సొంత పిల్లలా పేరు పెట్టి పిలుస్తుంది. కాకపోతే, ఎవరి పిల్లో అని ఒక నెంబరు తగిలిస్తుంది. నూట ఇరవై ఏడు నుంచి మొదలుపెట్టి కిందికి లెక్కపెడుతుంది." ఆమె తెర మీది నెంబరు వైపు వేలు చూపించింది.

"అంటే నా ఇంట్లో నా డిస్కులని నా మెషీనే పరాయివంటోంది," అని ఉమ్సునాయ్ తాలాయ్ వైపు తిరిగింది. "చెప్పు నాయనా, నిపుణుడివి కదా!"

తాలాయ్ చప్పట్లు కొట్టాడు, నెమ్మదిగా, మూడుసార్లు.

"బాగుంది. సగం నిజం. మిగతా సగం నేను చెబుతాను, కెప్టెన్. మెషీన్ కళ్ళు తెరిచే తొలి క్షణాల్లో దాని పేరు దానికే తెలియదు. అప్పుడు అది చూసుకునే జాబితాలో ఈ జత పేరు ముందే రాసి లేకపోతే, సొంత పిల్లని కూడా పరాయి అనుకుంటుంది. మా ఇంట్లో నా సొంత డిస్కులే ఎన్నోసార్లు నూట ఇరవై ఏడని లేచాయి. మా ఆవిడ సినిమాలు కనబడక నన్ను తిట్టింది. దాని మీద నేను దొంగతనం కేసు పెట్టలేదు."

"ఆరేళ్ళలో ఒక్కసారి కూడా అలా రాలేదు," అంది ఉమ్సునాయ్.

"ఏడో ఏట వచ్చింది."

సైకాల్‌కి ఒళ్ళు మండింది. మండినా, అతను చెప్పిన దాంట్లో తప్పు కనబడలేదు. నెంబరు ఒక్కటీ సాక్ష్యం కాదు. మేజర్‌ని ఓడించాలంటే నెంబరు దాటి లోపలికి వెళ్ళాలి.

"సరే మేజర్. లేచేటప్పుడు మెషీన్ పొరబడి ఉండొచ్చు. డిస్కు పొరబడదు కదా? దాని ఇంటిపేరు దాని లోపలే ఉంది కదా?"

"ఉంది."

"మీ ల్యాబులో చూశారా?"

తాలాయ్ ఖాళీ పెట్టె మూత వేశాడు.

"చూశారా, లేదా?"

"నాకు కావలసింది ఫైళ్ళు. ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న. లేవు."

"అంటే చూడలేదు!" సైకాల్ గొంతు లేచింది. "ఎవరి డిస్కులో కూడా అడక్కుండా ఏడు చావులు ఈవిడ మీద వేశారు! కొట్టుకుపోయిన ఒక పసివాడి తల్లి రోజూ వచ్చి ఈ గేటు మీద ఉమ్మేసి పోతోంది, మీ నివేదిక చదివి!"

"గొంతు తగ్గించు, కెప్టెన్."

"తగ్గించను. రాయడానికి వీల్లేకుండా, చదవడానికి మాత్రమే తెరవండి. ఇప్పుడే. భయమా?"

ఆ చివరి మాట పనిచేసింది. తాలాయ్ మొహం ఎర్రబడింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నిపుణుడన్న మాట అబద్ధం కాదు, వేళ్ళు మీటల మీద తడుముకోకుండా పరిగెత్తాయి. మొదటి డిస్కు లోపలి రాత తెర మీదకొచ్చింది. ముగ్గురూ ముందుకు వంగారు.

సొంత పేరు: కార్లిగాచ్.

"చూశారా? మీ పిట్టే," అనబోయి తాలాయ్ ఆగిపోయాడు.

ఇంటిపేరు: తెర్గో-2.

దాని కింద, పుట్టిన తేదీ. గట్టు తెగాక వచ్చిన మంగళవారం, మధ్యాహ్నం.

ఉమ్సునాయ్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"సైకాల్, నువ్వు నా డిస్కులు పట్టుకెళ్ళింది ఎప్పుడు?"

"ఆదివారం."

"ఆదివారం పట్టుకెళ్ళిన డిస్కుల జత మంగళవారం ఎలా పుడుతుంది?"

తాలాయ్ గొంతు సవరించుకున్నాడు. "పోయినేడు మీరు ఒక డిస్కు చెడిపోయిందని మార్చారు కదా? అలా మార్చినప్పుడు..."

"డిస్కు మారిస్తే కొత్తది పాత జతలో చేరుతుంది. జత పుట్టిన తేదీ మారదు. అది నీకు తెలుసు," అంది ఉమ్సునాయ్. "పైగా నేను మార్చింది పోయినేడు. పోయిన మంగళవారం కాదు."

అతనికి తెలుసు. తెలిసినట్టు అతని మెడ మీద చెమటే చెప్పింది. రెండో డిస్కునీ దాని ఇంటిపేరు అడిగాడు. అదే ఇంటిపేరు, అదే తేదీ. ఎవరో వేరే కంప్యూటర్లో కొత్త జత తయారుచేసి, పాత బొమ్మలు నకలు తీసి, ఆ మూడు రోజులవి మాత్రం వదిలేసి, పైన కార్లిగాచ్ అని పేరు కూడా పెట్టారు. పేరు పెట్టడం గుర్తుంది వాళ్ళకి. ఇంటిపేరు మెషీన్ తనంతట తానే రాస్తుందని గుర్తులేదు.

"తెర్గో-2 ఎవరిది?" అన్నాడు తాలాయ్.

ఆ పేరు సైకాల్ రోజూ చూస్తుంది. కోక్-బెల్ పోలీసు స్టేషన్లో, సాక్ష్యాలు దాచే గదిలో, ఇనుప బీరువాల మధ్య ఉన్న కంప్యూటరు పేరు అది.

"మాది," అంది సైకాల్.

తాలాయ్ మెల్లగా లేచాడు. "ఆ తర్వాతి గురువారం దాకా డిస్కులు మీ గదిలోనే ఉన్నాయి. గురువారం నాకు పంపారు. ముద్ర నీది. సంతకం నీది."

"అవును. నా సంతకం కిందే ఈ వెధవపని జరిగింది. అదే నా మంట!"

"ఆ గది తాళం చెవులు ఎన్ని?"

"రెండు. ఒకటి నా దగ్గర." ఆమె ఆగింది. రెండోది స్టేషన్ అధికారి కర్నల్ ఇసాబెక్ దగ్గర. పదిహేనేళ్ళుగా ఆమె 'బైకే' అని పెద్దన్న వరస పెట్టి పిలుస్తున్న మనిషి. పని నేర్పిన మనిషి. "పదండి మేజర్. నన్ను అనుమానించాలంటే అక్కడికొచ్చి అనుమానించండి."

"నా సంగతి?" అంది ఉమ్సునాయ్.

"తలుపు గడియ పెట్టుకోండి, ఎజే. మేమిద్దరం కలిసి వస్తే తప్ప ఎవరికీ తీయకండి."

స్టేషన్లో భోజనాల వేళ. వరండా ఖాళీగా ఉంది. సైకాల్ తాళం తీసి, తాలాయ్‌ని లోపలికి రానిచ్చి, తలుపు దగ్గరగా వేసింది. తెర్గో-2 మూలన ఉంది. గోడ పొడవునా అరల్లో పాత కేసుల డిస్కులు, ఒక్కోదానికీ కాగితం చీటీ.

"అసలువి ఇక్కడే ఉంటాయని ఎలా అనుకుంటున్నావు? తగలబెట్టేసి ఉంటారు," అన్నాడు తాలాయ్.

"ఉండొచ్చు. వెతక్కుండా ఎలా తెలుస్తుంది? చీటీలు చూడకండి. చీటీ ఎవరైనా అంటిస్తారు. ప్రతి డిస్కునీ ఇంటిపేరు అడగండి."

ఆ సైజు డిస్కులు మాత్రమే ఏరి, ఒక్కోటీ తగిలించసాగారు. ఖాళీది. సరిహద్దు దొంగసరుకు కేసుది. పాడైపోయినది. తాలాయ్ ఇప్పుడు వెటకారం ఆపేశాడు. అతని కోపం దిక్కు మార్చుకుంటోంది. దొంగ డిస్కుల మీద తన పేరుతో నివేదిక రాయించారు, రాజధాని నిపుణుణ్ణి ముద్ర కొట్టే చెక్కముక్కలా వాడుకున్నారు. ఆ అవమానం అతని దవడలో కదులుతోంది.

గుర్రాల దొంగతనం అని చీటీ ఉన్న డిస్కు తగిలించారు. తెర మీద నూట ఇరవై ఏడు అని వచ్చింది. ఈసారి అది న్యాయమే, ఆ డిస్కు ఇక్కడ నిజంగానే పరాయిది.

ఇంటిపేరు: బోజ్-ఉయ్. సొంత పేరు: కార్లిగాచ్. పుట్టి ఆరేళ్ళు.

"జతలో ఒక్కటే ఉంది. రెండోది లేదు," అన్నాడు తాలాయ్.

"ఒక్కటి చాలదా?"

"చాలు. అందుకే కదా జత కట్టేది." అతని గొంతులో మొదటిసారి మనిషి వినిపించాడు.

గురువారం బొమ్మలు ఉన్నాయి. మంచు అడుగున నల్లటి చారిక, పొద్దుటికీ సాయంత్రానికీ వెడల్పయింది. ఆవిడ చెప్పిందంతా అక్షరాలా నిజం. శుక్రవారం మధ్యాహ్నం, గట్టు మీదికి గుర్రాల మీద నలుగురు వచ్చారు. ఆవిడ కళ్ళు చారిక మీదే ఉన్నాయేమో, వీళ్ళ మాట ఎప్పుడూ చెప్పలేదు.

సైకాల్ బొమ్మ పెద్దది చేసింది. ఒకతను విపత్తుల ఆఫీసు అధికారి. ఇంకొకతను ఉప గవర్నరు. మిగతా ఇద్దరిలో దూరదర్శినిలోంచి నీరు కారడాన్ని చూస్తున్నవాడు, తర్వాతి బొమ్మలో దాన్ని కళ్ళ నుంచి దించాడు.

కర్నల్ ఇసాబెక్.

ఫోన్ రాలేదన్నారు. ఫోన్ వచ్చింది. వచ్చారు, చూశారు. చేతులు ఊపుకుంటూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆ ఆదివారమే కింద మైదానంలో గుర్రాల ఆటలు జరగాలి, రాజధాని నుంచి అతిథులు రావాలి. కాపరులను ఖాళీ చేయిస్తే ఆటలు ఆగిపోతాయి.

కెమెరా గట్టు మీదుగా కింద లోయను కూడా చూస్తుంది. నలుగురూ దిగి వెళ్ళడం కనబడింది. మొదటి డేరా దగ్గర గుర్రాలు ఆగాయి. ఒక స్త్రీ గిన్నెలతో బయటికొచ్చింది. ఉమ్సునాయ్ గేటు మీద రోజూ ఉమ్మేసి పోయే తల్లే. ఇద్దరు పిల్లలు గుర్రాల చుట్టూ పరిగెత్తారు. నలుగురూ గుర్రప్పాలు పులియబెట్టి చేసిన కుమిస్ తాగారు, గిన్నెలు తిరిగిచ్చారు, వెళ్ళిపోయారు. డేరాలు కదల్లేదు.

సైకాల్ నోటి మీద చేయి పెట్టుకుంది. ఏడుపు కాదు, అరుపు ఆపుకోవడానికి.

"ఆ తెర ఆపెయ్, అమ్మాయ్."

తలుపు తెరుచుకుని ఉంది. ఇసాబెక్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తాళం చెవి వేళ్ళ మధ్య వేలాడుతోంది.

"ఆపను, బైకే. పాలిచ్చిన చేతులవి! వాటి నుంచి గిన్నె అందుకుని తాగి, పారిపొమ్మని ఒక్క మాట చెప్పలేకపోయారా? ఒక్క మాట!"

"తెగుతుందని ఎవరనుకున్నారు? ఇంకో వారం ఆగుతుందనుకున్నాం." అతని గొంతులో తొట్రుపాటు లేదు. "జరిగింది జరిగింది. సైన్యంలో సిగ్నల్స్ దళంలో పనిచేసినవాణ్ణి, డిస్కులు నాకు కొత్త కాదు. ఇంటిపేరు సంగతి మాత్రం మర్చిపోయాను, ఒప్పుకుంటాను."

"మరి ఈ డిస్కు ఎందుకు దాచారు?" అన్నాడు తాలాయ్.

"అందులో ఉప గవర్నరు కూడా ఉన్నాడు కనక. రేపు నా ఒక్కడి మెడకే చుట్టాలని చూస్తే నాకూ ఏదైనా ఉండాలి కదా?" ఇసాబెక్ చేయి చాచాడు. "ఇటివ్వు. మీరిద్దరూ ఈ గదిలో దూరగానే దీని జతది ఉమ్సునాయ్ ఇంటికి పంపాను. మావాళ్ళు సోదా చేస్తారు, ఆమె మంచం కింద దొరుకుతుంది. లోపల ఆమె ఇంటిపేరే ఉంది కదా? అందులో మూడు రోజుల బొమ్మలు చెరిపేసి ఉన్నాయి. అసలు డిస్కు తనే దాచి, దొంగ జత మనకి అంటగట్టిందని రాస్తాం. ఆ దొంగ జత ఈ గదిలో పుట్టింది. ఈ గది తాళం ఆమెకి ఎవరిచ్చారు? రెండే చెవులు, సైకాల్. ఒకటి నాది."

తాలాయ్ డిస్కు ఊడదీశాడు. లేచాడు. ఇసాబెక్ వైపు రెండడుగులు వేశాడు. సైకాల్ చేయి ఫోన్ మీదికి పోయింది. తాలాయ్ డిస్కును తన కోటు లోపలి జేబులో పెట్టుకుని, ఖాళీ చేయి ముందుకు చాచాడు.

"మీ తాళం చెవి, కర్నల్. మీరు నా చేత అబద్ధం రాయించారు. అది నేను చచ్చేదాకా మర్చిపోను."

సైకాల్ అప్పటికే ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. మొదటి మోతకే ఉమ్సునాయ్ ఎత్తింది.

"వచ్చారమ్మా. ముగ్గురు. తలుపు బాదుతున్నారు. సోదా అంటున్నారు. వీధంతా గుమిగూడింది, నన్ను ఈడ్చుకుపోతారేమో చూద్దామని."

"ఎవరెవరున్నారు వీధిలో?"

"అందరూ. ఆ పిల్లాడి తల్లి అయిజారా కూడా."

"తలుపు తీయొద్దు, ఎజే. కిటికీ అట్ట పీకి పారేయండి. పీకి అయిజారాని పేరు పెట్టి పిలవండి. శుక్రవారం మీ డేరా ముందు గుర్రాలు దిగి కుమిస్ తాగినవాళ్ళెవరో గుర్తుందా అని అడగండి. సరస్సు కారుతోందని చూసొచ్చాకే ఆగి తాగారని చెప్పండి. బొమ్మలు దొరికాయి."

ఫోన్లో అట్ట చిరిగిన చప్పుడు. గాలి. జనం కేకలు.

వాటన్నిటి మీదుగా ముసలి గొంతు ఒకటి లేచింది.

"అయిజారా! ఓ అయిజారా! ఇటు చూడమ్మా! శుక్రవారం నీ డేరా ముందు కుమిస్ తాగినవాళ్ళు, సరస్సు కారడం చూసొచ్చే తాగారు! ఆ ముగ్గురినీ నా గుమ్మం దాటనివ్వకు!"

ఇసాబెక్ చేతిలోని తాళం చెవి నేల మీద పడింది. ఫోన్లో వినబడుతున్న తలుపు బాదుడు ఆగిపోయింది.